చినార్ చెట్టును గుర్తుపట్టడం ఎలా?

అక్టోబరు చివర్లో శ్రీనగర్ వెళ్లిన మనవాళ్లు ఎర్రటి ఆకు కనిపిస్తే చాలు, మేపుల్ అని ఫొటో పెట్టేస్తారు. అక్కడి ఎర్రదనం చాలావరకు చినార్‌ది, అంటే ఓరియంటల్ ప్లేన్ చెట్టుది. ఈ రెండింటినీ ఆకు రూపం చూసి విడదీయాలనుకుంటే తికమకే. ఇలా చూడండి.

ముందుగా పెద్ద చెట్లున్న చోటికి వెళ్లండి. కాశ్మీర్ విశ్వవిద్యాలయం ఆవరణలోని నసీమ్ బాగ్ మంచి చోటు. మొఘలుల కాలం నాటి తోట అది.

తర్వాత కొమ్మ మీద ఆకులు ఎలా వచ్చాయో చూడండి. మేపుల్‌కి రెండేసి ఆకులు ఎదురెదురుగా వస్తాయి. చినార్‌కి ఒక్కో చోట ఒక్కటే, ఒకటి ఇటు, కాస్త పైన ఇంకోటి అటు.

రాలిన ఆకు ఒకటి తీసి తొడిమ మొదలు చూడండి. చినార్‌దైతే అక్కడ ఉబ్బి, లోపల గుల్లగా ఉంటుంది. వచ్చే ఏడాది చిగురు మొగ్గకు అదే టోపీ. ఆకు రాలేదాకా మొగ్గ బయటికి కనిపించదు. నాకైతే అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఇదే.

ఇక కాయలు. మేపుల్ కాయకు రెక్కలుంటాయి, చినార్‌కి గుండ్రటి కాయలు ఒకే కాడకు సాధారణంగా మూడు నుంచి ఆరు వేలాడతాయి. రెండే ఉండి, ఆకు చీలికలు కూడా లోతుగా లేకపోతే లండన్ ప్లేన్ కావచ్చు. అది ఈ చెట్టుకూ అమెరికా ప్లేన్‌కూ పుట్టిన సంకరం. ఎండిన కాయను మాత్రం ముఖం దగ్గర నలపకండి. సన్నటి నూగు లేచి దగ్గు పట్టుకుంటుంది.

పేరు సంగతి గైడ్‌ని అడిగితే జహంగీర్ కథ చెబుతాడు. ఎర్రబడిన చెట్టును చూసి పాదుషా 'చె నార్ అస్త్', ఇదేం మంట అన్నాడట. వినడానికి బాగుంటుంది గానీ, 'చెనార్' అన్న మాట మొఘలుల కన్నా చాలా ముందే పారశీ కవిత్వంలో ఉంది. ప్లేన్‌కి విమానంతో సంబంధం లేదు. గ్రీకులో 'ప్లాటుస్' అంటే వెడల్పు, దాన్నుంచి 'ప్లాటనోస్', అదే లాటిన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకొచ్చింది. కాశ్మీరీలు దీన్ని 'బూన్' అంటారు. భవానీ పేరులోంచి వచ్చిందని అక్కడ కొందరి నమ్మకం.

గుర్తుకి ఏమైనా తెచ్చుకోవాలంటే రాలిన ఆకులే ఏరుకోండి. అక్కడ చినార్ నరకాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, కొమ్మ విరిస్తే పక్కనున్నవాళ్లే ఊరుకోరు.