పాత పిస్తోలులో అరుగుదలను, తుప్పును గుర్తించడం ఎలా?

తాతల నాటి భోషాణం అడుగున, మూతి నుంచి మందు కూరే పాత పిస్తోలు బయటపడితే చాలామంది ముందుగా వెతికేది గరుకు కాగితాన్ని. దయచేసి ఆ పని చేయకండి. 1839లో నవాబు ఆయుధ నిల్వలను ఆంగ్లేయులు స్వాధీనం చేసుకున్న కర్నూలు వంటి సీమలో, అలాంటి వస్తువుపై ఉన్న ప్రతి మచ్చా విలువైనదే. దానిని ఉంచుకోవడానికి 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం అనుమతి అవసరమో కాదో స్థానిక పోలీసులను అడిగి తెలుసుకోండి.

మొదట, అది నిండి ఉందనే భావించండి. మూతి ఎవరి వైపూ లేకుండా చూసి, పక్కన నిలబడి సన్నని వెదురు పుల్లను గొట్టంలోకి మెల్లగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, తర్వాత అదే పుల్లను గొట్టం వెలుపల ఆనించి కొలవండి. పుల్ల కొస నిప్పు రంధ్రం (లోపలి మందుకు నిప్పు అందే రంధ్రం) కంటే చాలా ముందే ఆగితే లోపల మందు, గుండు ఉండవచ్చు. తుపాకీ మందు వందేళ్ల తర్వాత కూడా అంటుకోగలదు కనుక, దానిని తీసే ప్రయత్నం చేయక పోలీసులకు తెలపండి.

ఖాళీ అని తేలాక తెల్లని పొడి గుడ్డతో ఇనుమును మృదువుగా తుడవండి. గుడ్డకు ఏమీ అంటకుండా, నునుపుగా, ముదురు గోధుమ లేదా నలుపు రంగులో ఉన్న పొర పాతది, నిలకడైనది, దానిని గీకకూడదు. నారింజ రంగు పొడి అంటితే తుప్పు ఇంకా నడుస్తున్నదని అర్థం. క్యాపు (కొడితే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ) తొడిగే ముక్కు చుట్టూ గుంతలు తరచుగా లోతుగా ఉంటాయి, ఎందుకంటే కాలిన మందు, క్యాపు మిగిల్చిన లవణాలు గాలిలోని తేమను లాక్కుని అక్కడి ఇనుమును తింటాయి.

అరుగుదలకూ అతిగా రుద్దడానికీ తేడా చూడండి. చేయి తగిలే చోటనే నునుపెక్కితే అది వాడకం; అంచులన్నీ గుండ్రబడి, చెక్కిన గీతలు మాసిపోయి, గుంతలు మాత్రం మిగిలితే ఎవరో గరుకు కాగితం పట్టారు. హ్యామర్‌ను, అంటే క్యాపును కొట్టే మీటను, బొటనవేలితో పట్టుకునే కదిలించండి, వదిలేసి కొట్టనివ్వకండి; అది పక్కలకు ఊగితే దాని ఇరుసు, సగం ఎత్తులో నిలవకపోతే దానిని పట్టి ఉంచే లోపలి గాడి అరిగి ఉండవచ్చు.

కొయ్య పిడిని, ఇత్తడిని కలిపి చూడాలి. మన ఎండలకు ఆరి కుదించుకున్న కొయ్య, లోహం పక్కన నిలువుగా పగులుతుంది. బిందెలకు వాడినట్టు చింతపండుతో ఇత్తడిని తోమితే, ఆ పులుపు నీరు సందుల్లోకి దిగి, పచ్చని చిలుముగా తిరిగి వస్తుంది. ప్రతి మచ్చనూ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి ఉంచుకోండి. వానకాలం దాటాక అదే చోట మళ్లీ తీసి పోల్చితే తుప్పు ఆగిందో లేదో తెలుస్తుంది.