మట్టి బ్యాక్టీరియా చుట్టరికాలు – 4: ఏఎన్ఐ లెక్క చదవడం

పోయిన భాగంలో, బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువు దగ్గర ఆగాం. అది దాదాపు 1,500 డీఎన్ఏ అక్షరాల ముక్క, అంతే. ఇంటిపేరు కలిసినంత మాత్రాన దాయాదులైపోరు కదా! బాసిల్లస్ సెరియస్, బాసిల్లస్ తురింజెన్సిస్, బాసిల్లస్ ఆంథ్రాసిస్ మూడింటిలోనూ ఈ ముక్క ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మొదటిది రాత్రంతా బయట వదిలేసిన అన్నంలో పెరిగి వాంతులు చేయిస్తుంది. రెండోది బీటీ పత్తికి జన్యువు ఇచ్చింది. మూడోది ఆంథ్రాక్స్ తెస్తుంది. అందుకే ఈసారి మొత్తం జీనోమ్‌లనే, అంటే ఒక్కో బ్యాక్టీరియా డీఎన్ఏ అంతటినీ, పోల్చుదాం.

రెండు జీనోమ్‌లలో జతపడే భాగాలు తీసుకుని, వాటిలో సగటున నూటికి ఎన్ని అక్షరాలు ఒకటేనో చెప్పేదే ఏఎన్ఐ (యావరేజ్ న్యూక్లియోటైడ్ ఐడెంటిటీ). సుమారు 95 దాటితే ఒకే జాతి అంటారు. 2018లో ఫాస్ట్‌ఏఎన్ఐ ప్రోగ్రామ్ చేసినవాళ్లు 90 వేల జీనోమ్‌లను పోలిస్తే, 83కీ 95కీ మధ్య పడిన జంటలు చాలా తక్కువ. గీత అక్కడ గీయడానికి అదో ఆధారం.

పటాన్‌చెరు వైపు నల్లరేగడి చేను నుంచి వేరుచేసిన బాసిల్లస్ జీనోమ్ ఒకటి మీ దగ్గర ఉందనుకోండి. దాన్ని ఫాస్ట్‌ఏఎన్ఐలో సెరియస్ టైప్ స్ట్రెయిన్‌తో (ఆ జాతికి ప్రమాణంగా పెట్టుకున్న నమూనాతో) పోలిస్తే ఫలితం ఒక్క వరుసలో వస్తుంది. రెండు ఫైళ్ల పేర్లు, ఆ తర్వాత మూడు అంకెలు: 96.8, 1350, 1720. అందరూ 96.8 చూసి ఫైలు మూసేస్తారు. నన్నడిగితే ముందు చివరి రెండూ చూడాలి. ప్రోగ్రామ్ మీ జీనోమ్‌ను 3,000 అక్షరాల చొప్పున 1,720 ముక్కలు చేసింది. అంటే సుమారు 52 లక్షల అక్షరాలు, ఈ గుంపు బాసిల్లస్‌కు సరైన సైజే. వాటిలో 1,350, అంటే 78 శాతం జతపడ్డాయి. బాగుంది. అదే మొత్తం ముక్కలు 3,000 దాటితే మాత్రం కల్చర్‌లో ఇంకో బ్యాక్టీరియా కలిసిందేమో చూడండి. అప్పుడు 96.8 ఎంత అందంగా ఉన్నా నమ్మొద్దు.

ఒక్కోసారి ఫైలు ఖాళీగా వస్తుంది. టెన్షన్ పడకండి. పోలిక 80 కంటే బాగా తక్కువైతే ఈ ప్రోగ్రామ్ ఏమీ రాయదు. స్ట్రెప్టోమైసిస్ అనే ఇంకో మట్టి బ్యాక్టీరియాను బాసిల్లస్‌తో పోల్చి చూడండి, తెలుస్తుంది. అంత దూరపు చుట్టాలకు ప్రోటీన్లను పోల్చాలి. అది ఆరో భాగంలో.

ఇంకో చిక్కుంది. తురింజెన్సిస్‌లో పురుగును చంపే క్రై జన్యువులు ఎక్కువగా ప్లాస్మిడ్ల (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే డీఎన్ఏ ముక్కల) మీద ఉంటాయి. ప్లాస్మిడ్ ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి వెళ్లగలదు, పోనూ పోవచ్చు. అది పోయినా ఏఎన్ఐ పెద్దగా కదలదు. కాబట్టి 97 వచ్చిందని పొలంలో రెండూ ఒకే పని చేస్తాయని రాసెయ్యకండి. క్రై జన్యువుల కోసం విడిగా వెతకాలి.

ఈ వారం పని: ఎన్‌సీబీఐ (జీనోమ్‌లు దాచి అందరికీ ఇచ్చే అమెరికా సంస్థ) నుంచి సెరియస్, తురింజెన్సిస్ టైప్ స్ట్రెయిన్‌లు, బాసిల్లస్ సబ్‌టిలిస్ 168 స్ట్రెయిన్ జీనోమ్‌లు దించుకుని మూడు జంటలనూ పోల్చండి. ఆ తర్వాత ఫైళ్లను అటూ ఇటూ మార్చి మళ్లీ నడపండి. ఏఎన్ఐ కొద్దిగానే మారాలి. ముక్కల లెక్క ఎంత మారిందో రాసిపెట్టుకోండి. చుట్టరికాల చెట్టు గీసేటప్పుడు అవసరం పడుతుంది.