టార్ప్ కట్టినా హ్యామక్ తడుస్తోందా? ముందు నీళ్లు వచ్చిన దారి పట్టుకోండి

వాన రాత్రి హ్యామక్‌లో, అంటే రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఊయలలో తడిసి లేచినవాళ్లు ముందుగా అనుకునేది "ఇంకా పెద్ద టార్ప్ (పైన కప్పులా కట్టే వాన గుడ్డ) కొనాలి" అని. చాలాసార్లు టార్ప్ సైజుకూ ఆ తడికీ సంబంధమే ఉండదు. నీళ్లు తాడు వెంట జారి రావచ్చు, గుడ్డలోంచో కుట్టులోంచో దిగవచ్చు, గాలితో పక్క నుంచి కొట్టవచ్చు, నేల మీద పడి పైకి చిందవచ్చు. మన ఊపిరే చెమ్మగా మారి మన మీద రాలవచ్చు కూడా. ఒక్కోదానికి మందు వేరు. అందుకే పొద్దున లేవగానే అన్నీ విప్పి ఆరేయకండి. కట్టింది కట్టినట్టే ఉంచి చేత్తో తడిమి చూడండి. తడి ఎక్కడుందో తెలిస్తే సగం పని అయినట్టే.

తల దగ్గరా కాళ్ల దగ్గరా తడి, మధ్యలో పొడి

ఇది హ్యామక్‌ను చెట్లకు కట్టే పట్టీల వెంట వచ్చిన నీళ్ల పని. వాన చెట్టు మాను మీదుగా కారుతుంది, పట్టీ చుట్టిన చోట దాన్ని అందుకుంటుంది. పట్టీ అక్కడి నుంచి హ్యామక్ వైపు కిందికి వాలి ఉంటుంది. నీరు పల్లమెరుగు కదా, నేరుగా హ్యామక్ కొసలోకి దిగిపోతుంది. పైన ఎంత పెద్ద టార్ప్ ఉన్నా దీన్ని ఆపలేదు, ఎందుకంటే చెట్టూ, పట్టీలో కొంత భాగమూ టార్ప్ బయటే ఉంటాయి.

దీనికి పైసా ఖర్చు లేదు. పాత షూ లేసో, లావుపాటి నూలు దారమో తీసుకుని పట్టీ చుట్టూ రెండు చుట్లు బిగించి, కొసలు ఒక జానెడు కిందికి వేలాడేలా కట్టండి. నీళ్లు ఆ దారం పట్టుకుని నేల మీదికి కారిపోతాయి. నైలాన్ దారం కన్నా నూలుదే మేలు, త్వరగా తడిసి నీటిని లాక్కుంటుంది. ముడి పట్టీకి అడుగున ఉండాలి, ఎందుకంటే నీళ్లు ఎక్కువగా అడుగు వైపు నుంచే జారతాయి.

కట్టే చోటు ముఖ్యం. టార్ప్ అంచుకు లోపల, హ్యామక్ కొసకు బయట ఉండాలి. టార్ప్ బయట కడితే దారం దాటాక పడిన వాన మళ్లీ పట్టీ మీదుగా లోపలికి వస్తుంది. పట్టీకీ హ్యామక్‌కూ మధ్య ఇనుప రింగో, కారబైనరో (తెరిచి మూసే లోహపు కొక్కెం) ఉండి అది టార్ప్ కిందే ఉంటే దారం దానికే కట్టవచ్చు. పడుకునే ముందు ఒక్కసారి పరీక్షించండి: పట్టీకి కాస్త పైన మాను మీద సీసాతో నీళ్లు పోసి రెండు నిమిషాలు చూడండి. చుక్కలు దారం కొస నుంచి రాలాలి. దారం దాటి ముందుకు పోతుంటే ఇంకో చుట్టు వేసి బిగించండి.

సరిగ్గా కడుపు మీద చుక్కలు పడుతున్నాయి

అనుమానించాల్సినవి రెండు: నడుమ తాడు, నడుమ కుట్టు.

చెట్టు నుంచి చెట్టుకు ఒకే తాడు లాగి, దాని మీద టార్ప్ పరిచే అలవాటు చాలామందికి ఉంటుంది. ఆ రిడ్జ్‌లైన్ బయట తడిసి, ఆ తడి తాడు పట్టుకునే లోపలికి వస్తుంది. తాడు మధ్యలో కొంచెం వంగి ఉంటే చుక్క అక్కడే, అంటే మీ మీదే రాలుతుంది. రెండు చివరలా టార్ప్ అంచుకు కాస్త లోపలగా నూలు దారాలు కట్టండి. లేదంటే ఒకే తాడు మానేసి, టార్ప్ రెండు కొసల రింగులకూ విడివిడిగా రెండు తాళ్లు కట్టుకోండి. అప్పుడు టార్ప్ కింద తాడే ఉండదు. నాకైతే ఈ రెండో పద్ధతే ఇష్టం, బరువు కూడా తగ్గుతుంది. టార్ప్‌ను అటూ ఇటూ జరిపి సరిచూసుకోవడం మాత్రం ఒకే తాడు మీదే సులువు.

తాడు పొడిగా ఉండి కూడా చుక్కలు పడుతుంటే తప్పు కుట్టుదే. సూది గుచ్చిన ప్రతి చోటా ఒక రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రాలను మూయడానికి సీలర్ రాయాలి. సిలికాన్ పూత ఉన్న గుడ్డకు సిలికాన్ సీలరే పట్టుకుంటుంది. పాలియురెథేన్ పూతకు దానికి తగ్గ సీలరో, టేపో వాడాలి. ఒకదాని మీద ఇంకోటి రాస్తే పొరలా ఊడి వస్తుంది. బయటి వైపు బ్రష్‌తో పలచగా రాసి ఒక రోజంతా ఆరనివ్వండి. తర్వాత కొంచెం టాల్కమ్ పౌడర్ చల్లితే మడత పెట్టినప్పుడు అంటుకోదు.

రాత్రి బిగుతుగా కట్టింది, తెల్లారేసరికి వేలాడుతోంది

ఎక్కువమందిని విసిగించేది ఇదే. దీనికి కారణాలు ఒకటి కన్నా ఎక్కువ, అన్నీ ఒకే రాత్రి కలిసి రావచ్చు కూడా. టార్ప్‌కు కాస్త దూరంగా నిలబడి చూడండి. నడుమ గీత తిన్నగా ఉండి పక్కలు మాత్రమే సడలి ఉన్నాయా, లేక నడుమే కుంగిందా?

పక్కలు సడలితే ముందు గుడ్డను అనుమానించండి. నైలాన్ నీళ్లు పీల్చుకుని సాగుతుంది, పాలియెస్టర్ దాదాపు సాగదు. సిల్‌నైలాన్ (సిలికాన్ పూత పూసిన నైలాన్) టార్ప్ తడిశాక వదులు కావడం దాని స్వభావం, మీరు కట్టడంలో లోపం కాదు. టార్ప్ కట్టడానికి చాలామంది వాడే పారాకార్డ్ తాడు కూడా నైలాన్‌దే, కాబట్టి తాళ్లూ సాగుతాయి. వాన మొదలైన అరగంటకు లేచి మళ్లీ బిగించవచ్చు. అంతకన్నా మంచి పని ముందే పక్క తాళ్లలో ఎలాస్టిక్ పెట్టుకోవడం. సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న షాక్ కార్డ్ ముక్క ఒక పాతిక సెంటీమీటర్లది తీసుకుని, దాని రెండు చివరలను పక్క తాడు మీద రెండు చోట్ల ముడివేయండి. ఆ రెండు ముడుల మధ్య అసలు తాడు కొంత వదులుగా వేలాడాలి. ఇప్పుడు మేకుకు కట్టి లాగితే ఎలాస్టిక్ సాగుతుంది. సగం దాకా సాగేలా లాగి ఆపండి. రాత్రి గుడ్డ వదులైతే ఎలాస్టిక్ ముడుచుకుని ఆ వదులును తీసేస్తుంది. పెద్ద గాలి వస్తే ఎలాస్టిక్ పూర్తిగా సాగాక అసలు తాడు బరువును అందుకుంటుంది, ఎలాస్టిక్ తెగదు.

నడుమ కుంగితే చూడాల్సింది చెట్ల వైపు. మీరు హ్యామక్ ఎక్కగానే సన్నటి చెట్లు లోపలికి వంగుతాయి. ఆ చెట్లకే కట్టిన టార్ప్ తాడు అప్పుడే వదులవుతుంది. పట్టీ 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు పట్టీ మీద పడే లాగుడు దాదాపు మీ బరువంత. ఊగకుండా ఉంటుందని బిగించి 15 డిగ్రీలకు తెస్తే అది దాదాపు రెట్టింపవుతుంది. చెట్లు ఇంకా వంగుతాయి, టార్ప్ ఇంకా జారుతుంది. కాబట్టి లావు చెట్లు చూసుకోండి, హ్యామక్‌ను 30 డిగ్రీల దగ్గరే ఉంచండి. వరుస కూడా ముఖ్యం: ముందు హ్యామక్ కట్టి అందులో కాసేపు పడుకోండి, పట్టీలు సర్దుకున్నాక దిగి టార్ప్ బిగించండి. ఇంకెవరైనా తోడుంటే ఒకరు పడుకుని ఉండగానే రెండోవారు బిగించడం అన్నిటికన్నా మేలు.

ఇవేవీ కాకపోతే ముడి జారుతోందని అర్థం. డైనీమా లాంటి నునుపు తాళ్ల మీద మామూలు జారుముడి నిలవదు. ప్రూసిక్ ముడి (అసలు తాడు చుట్టూ వేరే తాడుతో చుట్టే, లాగితే బిగిసే ముడి) వేసే తాడు అసలు తాడు కన్నా సన్నగా ఉండాలి, ఒక చుట్టు అదనంగా వేయాలి.

గుడ్డ మధ్యలో నీళ్లు గుంటగా నిలుస్తున్నాయి

వాలు చాలలేదు. నడుమ తాడు బిగించండి, పక్కలు కిందికి లాగండి, ఒక మూలను మిగతా వాటికన్నా కిందికి కట్టి నీళ్లకు దారి ఇవ్వండి. ఐదు లీటర్లు నిలిస్తే ఐదు కిలోల బరువు కుట్ల మీద పడుతుంది, తెల్లారాక చూద్దాంలే అని వదిలేయకండి.

ఒక పక్కే తడిసింది

గాలితో కొట్టిన జల్లు. గాలి వచ్చే వైపు అంచును నేలకు దగ్గరగా దించండి. టార్ప్ వెడల్పు పక్క గాలికి ఎదురుగా ఉండాలి, తెరిచిన కొస కాదు. కొస వైపే గాలి కొడుతుంటే, టార్ప్‌కు తలుపుల్లాంటి మడతలు లేకపోతే, వేరే చెట్ల జత వెతుక్కోవడమే నయం. టార్ప్ ఎత్తు కూడా చూడండి. హ్యామక్ రెండు కొసలనూ కలిపే పైతాడుకు 15 నుంచి 20 సెంటీమీటర్ల పైన ఉంటే చాలు, అంతకన్నా ఎత్తుగా ఉంటే జల్లుకు తలుపు తీసినట్టే.

పొడవు లెక్క చూసుకోండి. 3.3 మీటర్ల హ్యామక్ వేలాడదీసినప్పుడు కొస నుంచి కొసకు సుమారు 83 శాతం, అంటే 2.7 మీటర్ల పైచిలుకు వస్తుంది. 3.3 మీటర్ల టార్ప్ దాని మీద రెండు వైపులా పాతిక సెంటీమీటర్లకు పైగా మిగులుతుంది. 15 కన్నా తక్కువ మిగిలితే కష్టం. లెక్క సరిపోయినా ఒక కొసే తడిస్తే టార్ప్ ఒక చెట్టు వైపు జరిగిపోయిందేమో చూడండి.

ఏటవాలు కోత ఉన్న టార్ప్ వాడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. హ్యామక్‌లో మనం అడ్డంగా, మూలగా పడుకుంటాం. టార్ప్‌ను తిరగేసి కడితే పెద్ద మూలలు ఖాళీ చోట ఉండి, తలా కాళ్లూ బయట పడతాయి.

మేకులు ఊడిపోతున్నాయి

వానకు నేల మెత్తబడుతుంది. మేకు తల టార్ప్‌కు దూరంగా, అవతలి వైపు వాలేలా దిగేయండి, తాడు మేకుకు అడ్డంగా లాగాలి. ఇసుకలో మేకులతో పని కాదు. ఒక కర్ర ముక్కకు తాడు మధ్యలో కట్టి, లాగుడుకు అడ్డంగా మోచేతి లోతున పాతి ఇసుక తొక్కండి.

పైనంతా సన్న తుంపర, ఎక్కడా చిల్లు కనబడదు

లోపలి వైపు గుడ్డను పొడి బట్టతో తుడవండి. వాన లేనప్పుడు కూడా మళ్లీ చెమరిస్తే అది ఊపిరి తేమ. పెద్ద చినుకులు పైన కొట్టినప్పుడల్లా ఆ చెమ్మ విదిలి ముఖం మీద పడుతుంది. ఒక పక్క పైకి లేపి గాలి ఆడనివ్వండి. నీటి ఒడ్డున, పల్లంలో కాకుండా కాస్త మెరక మీద కట్టుకోండి. తుడిచాక వానలోనే మళ్లీ వస్తోందంటే పూత అరిగింది. గుడ్డను పట్టుకుని మధ్యలో కప్పు నీళ్లు పోసి, కింద పొడి కాగితం అద్ది చూస్తే తేలిపోతుంది.

వీపు కింద తడి

గడ్డీ ఆకులూ లేని నేల మీద చినుకులు పడి పైకి చిందుతాయి. ఆకులు పరుచుకున్న చోటు ఎంచుకోండి, టార్ప్ అంచులు దించండి. చలికి కింద కట్టే క్విల్ట్ (బొంత) హ్యామక్ కొసలు దాటి బయటికి రాకుండా చూడండి.

ఇక ఉరుములు వినిపిస్తే ఈ సర్దుళ్లేవీ పెట్టుకోకండి. చెట్ల మధ్య హ్యామక్‌లో ఉండకూడదు, గట్టి భవనంలోకో, పైకప్పు ఉన్న కారులోకో వెళ్లిపోండి. కట్టే ముందే తల పైకెత్తి ఎండుకొమ్మలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ చెట్టు వద్దు.

తర్వాతిసారి విప్పితే కంపు, లోపల జిగురు

తడితోనే మడిచి పెట్టారు. కంపుకు కారణం బూజు. చల్లటి నీళ్లూ మెత్తటి సబ్బుతో కడిగి నీడన ఆరేస్తే చాలావరకు పోతుంది. జిగురు వేరే సంగతి: పాలియురెథేన్ పూత తేమకు చెడి ఊడుతోంది, ఆ టార్ప్‌ను బాగుచేయలేం. తడిసిన టార్ప్‌ను వేరే సంచిలో తెచ్చుకుని, ఇంటికి చేరిన రోజే పూర్తిగా ఆరేయండి. కుట్ల దగ్గరా, మూలల్లో మందపు గుడ్డ కుట్టిన చోటా తడి చివరిదాకా ఉంటుంది, అక్కడ వేలితో తాకి చూశాకే మడవండి.