చంద్రుడి ఫొటోల్లో కట్టడాలు వెతకాలంటే ఎలా?

చంద్రుడి మీద గోపురం ఉంది, గోడ ఉంది అంటూ ఎర్ర సున్నా చుట్టిన ఫొటోలు మీకూ వచ్చే ఉంటాయి. అవన్నీ చెత్త, వదిలేయండి అని నేను చెప్పను. వెతకడం తప్పేమీ కాదు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన పాల్ డేవిస్, రాబర్ట్ వాగ్నర్ కూడా, ఫొటోలు ఎలాగూ తీసి ఉన్నాయి, వెతకడానికి ఖర్చు తక్కువ, కాబట్టి చంద్రుడి మీద గ్రహాంతరవాసుల జాడ ఏమైనా ఉందేమో చూడొచ్చని పరిశోధనా పత్రమే రాశారు. ఇప్పటిదాకా అలాంటిదేమీ దొరకలేదు. అయినా పద్ధతిగా వెతికితే మనిషి చేసిన వస్తువులు మాత్రం నిజంగానే దొరుకుతాయి, అందుకే ఇది రాస్తున్నాను.

1. అసలు ఫొటో దగ్గరికి వెళ్లండి

ఫోన్‌లో చేతులు మారుతూ వచ్చిన ఫొటో మీద ఒక్క నిమిషం కూడా పెట్టొద్దు. జేపెగ్ ఫైలును బాగా కుదిస్తే బొమ్మ చిన్న చిన్న చదరాలుగా విడిపోతుంది, దాన్ని పెద్దది చేసి చూస్తే వీధులూ ఇళ్లూ ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ చదరాలు ఫైలువి, చంద్రుడివి కావు. నాసా పంపిన లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్ 2009 నుంచి చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీస్తోంది. దాని న్యారో యాంగిల్ కెమెరా బొమ్మల్లో బాగా వచ్చిన వాటిలో ఒక్కో పిక్సెల్, అంటే ఫొటోలోని అతి చిన్న చుక్క, నేల మీద అర మీటరు. క్విక్‌మ్యాప్ అనే సైట్‌లో వాటిని బ్రౌజర్‌లోనే ఉచితంగా చూడొచ్చు. చంద్రయాన్-2లోని హై రిజల్యూషన్ కెమెరా అయితే పావు మీటరు వివరం దాకా చూపిస్తుంది, ఆ డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో ఉంటుంది.

1966-67లో నాసా పంపిన లూనార్ ఆర్బిటర్ నౌకల ఫొటోలు చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అప్పట్లో ఫిల్మ్‌ను వ్యోమనౌకలోనే కడిగి, సన్నని పట్టీలుగా స్కాన్ చేసి భూమికి పంపేవారు. అందుకే వాటిలో తిన్నని గీతలు, మరకలు మామూలే.

2. ముందు మనవాళ్లు వదిలి వచ్చినవి చూడండి

అందరూ వదిలేసేది ఈ పనే, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. క్విక్‌మ్యాప్‌లో ఉత్తర అక్షాంశం 0.674, తూర్పు రేఖాంశం 23.473 దగ్గరికి వెళ్లండి. అది అపోలో 11 దిగిన చోటు. పెద్ద యంత్రం కనిపిస్తుందనుకుంటే నిరాశపడతారు: అక్కడున్నది కొన్ని పిక్సెళ్ల తెల్లటి చుక్క, దాని పక్కన ఒక నీడ, అంతే! అపోలో 17 చోటులో రోవర్ చక్రాల జాడలు, వ్యోమగాములు నడిచిన దారులు సన్నని నల్లటి గీతల్లా ఉంటాయి. అపోలో 12, 16, 17 జెండాలు ఇంకా నిలబడే ఉన్నాయని ఎలా తెలిసిందో చూడండి. గుడ్డ కనిపించి కాదు, వేర్వేరు వేళల్లో తీసిన ఫొటోల్లో ఒక చిన్న నీడ సూర్యుడితో పాటు ఆ చోటు చుట్టూ తిరగడం చూసి.

ఇవన్నీ ఓ గంట చూస్తే, నిజమైన కృత్రిమ వస్తువు ఇంత ఎత్తు నుంచి ఎంత చిన్నగా, ఎంత మామూలుగా ఉంటుందో కంటికి అలవాటవుతుంది. అర మీటరు పిక్సెల్ ఉన్న ఫొటోలో రెండు మీటర్ల వస్తువంటే నాలుగు పిక్సెళ్లు. దాన్ని చూసి కిటికీలున్నాయని చెప్పడం కుదరని పని.

3. సూర్యుడు ఎక్కడున్నాడో చూడండి

ప్రతి ఫొటో వివరాల్లో ఇన్సిడెన్స్ యాంగిల్ అని ఒక అంకె ఉంటుంది, ఎండ నిట్టనిలువు నుంచి ఎన్ని డిగ్రీలు వాలి పడుతోందో అది చెబుతుంది. 90 లోంచి దాన్ని తీసేస్తే సుమారుగా సూర్యుడి ఎత్తు డిగ్రీల్లో వస్తుంది. నీడ పొడవును ఈ సూర్యుడి ఎత్తు కోణం ట్యాంజెంట్‌తో (క్యాలిక్యులేటర్‌లో tan) గుణిస్తే వస్తువు ఎత్తు తెలుస్తుంది. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తులోనే ఉంటే, మీటరు ఎత్తున్న రాయికి ఐదున్నర మీటర్లకు పైగా నీడ పడుతుంది, నేల అటువైపు వాలుగా ఉంటే ఇంకా సాగుతుంది. 1966 నవంబరులో లూనార్ ఆర్బిటర్ 2 తీసిన ఒక ఫొటోలో మొనదేలిన స్తంభాలు వరసగా నిలబడ్డాయని పెద్ద చర్చే జరిగింది. ఆ తర్వాత మెరుగైన ఫొటోల్లో చూస్తే అవి బండరాళ్లు, స్తంభాల్లా కనిపించింది వాటి పొడుగాటి నీడలు.

ఇంకో మోసం కూడా ఉంది. వెలుగు పైనుంచి పడుతుందని మన మెదడు అనుకుంటుంది కాబట్టి, కింది నుంచి వెలుగు పడిన ఫొటోలో గుంతలు గుమ్మటాల్లా ఉబికి కనిపిస్తాయి. ఫొటోను తలకిందులు చేయండి, గుమ్మటం గుంత అయిపోతుంది.

4. అదే చోటును ఇంకో వెలుగులో చూడండి

ఒక్క ఫొటోతో ఏదీ తేల్చొద్దు. 1953లో జాన్ ఓనీల్ అనే అమెరికా పాత్రికేయుడు, చంద్రుడి మీది మేర్ క్రిసియం అనే నల్లటి మైదానం అంచున పెద్ద వంతెన లాంటిది చూశానని చెప్పాడు, అది వెలుగునీడల ఆటేనని తేలింది. 2021 చివర్లో చైనా యుటు-2 రోవర్‌కు దూరంగా ఒక గుడిసె లాంటిది కనిపించింది. 2022 జనవరిలో దగ్గరికెళ్లి చూస్తే చిన్న రాయి.

తిన్నగా ఉందంటే ఎవరో కట్టినట్టే అనుకోకండి. రూపెస్ రెక్టా దాదాపు 110 కిలోమీటర్లు తిన్నగా సాగే పగులు. బండలు వాలు మీద దొర్లితే రోడ్డు లాంటి చారలు పడతాయి, చివర చూడండి, ఆ బండే కూర్చుని ఉంటుంది.

5. పాత ఫొటోతో పోల్చండి

2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ కూలిపోయాక నాసా ఆ ప్రాంతం ఫొటో బయటపెట్టింది. చెన్నైకి చెందిన షణ్ముగ సుబ్రమణియన్ దాన్ని పాత ఫొటోలతో పోల్చుతూ కూర్చుని ఒక శకలాన్ని పట్టుకున్నాడు, నాసా డిసెంబరులో అది నిజమేనని చెప్పింది. ఆయన చూసింది ఒకే ఒక్క తెల్ల పిక్సెల్! ఆకారం చూసి కనిపెట్టింది కాదు, ముందు లేనిది ఇప్పుడు ఉంది కాబట్టి దొరికింది. మీకు ఓపిక ఉంటే ఎక్కువ సమయం దీని మీదే పెట్టమంటాను. కాకపోతే రెండు ఫొటోల్లోనూ సూర్యుడు దాదాపు ఒకే దిక్కున, ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే ప్రతి రాయీ కొత్తదే అనిపిస్తుంది.

6. రాసిపెట్టుకోండి

ఏదైనా వింతగా అనిపిస్తే ఫొటో నంబరు, అక్షాంశ రేఖాంశాలు, పిక్సెల్ కొలత, ఇన్సిడెన్స్ యాంగిల్ వెంటనే రాసుకోండి. కాంట్రాస్టు పెంచని ముక్కను విడిగా దాచండి. తర్వాత సున్నా చుట్టకుండా, ఏం కనబడాలో చెప్పకుండా ఆ ముక్కను ఇద్దరు ముగ్గురికి పంపి, మీకేం కనిపిస్తోంది అని మాత్రమే అడగండి. వాళ్లు రాళ్లు అంటే, మళ్లీ 4వ మెట్టు దగ్గరికి వెళ్లి ఇంకో వెలుగులో ఆ చోటు తెరిచి చూడండి.