లిఫ్ట్ చేసిన బండికి టైర్లు ఒకవైపే అరుగుతుంటే

మా ఇసుజు వీ-క్రాస్ పికప్‌ని 2 అంగుళాలు లిఫ్ట్ చేయించాక (సస్పెన్షన్ మార్చి ఎత్తు పెంచాక) ముందు టైర్లు లోపలి అంచు గుండులా అరిగిపోయాయి. బయటివైపు గళ్లు కొత్తవాటిలానే ఉండటంతో, కిందికి వంగి చూసేదాకా తెలియలేదు.

ఇప్పుడు నెలకోసారి టైరు మీద అరచేతిని అడ్డంగా అటూ ఇటూ జరిపి చూస్తున్నాను. ఒకవైపుకి నున్నగా, రెండోవైపుకి రంపంలా తగిలితే టో (పైనుంచి చూస్తే టైర్ల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) తప్పినట్టు. ఒక అంచు మాత్రమే ఏటవాలుగా అరిగితే చాలావరకు క్యాంబర్ (ముందునుంచి చూస్తే టైరు పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం) తప్పినట్టు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ.

టో చూడటానికి సుద్దముక్క, కొలత టేపు చాలు. చదును నేల మీద స్టీరింగ్ తిన్నగా పెట్టి, రెండు ముందు టైర్లకీ వెనకవైపు, ఇరుసు ఎత్తులో, మధ్య గాడి దగ్గర గీత పెట్టండి. మధ్య దూరం కొలవండి. చాసిస్ అడ్డొస్తే టేపు పట్టేంత ఎత్తులో చాలు. బండిని ముందుకు తోస్తే చక్రం సగం తిరిగి గీతలు ముందుకొస్తాయి. అదే ఎత్తులో మళ్లీ కొలవండి. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే అలైన్‌మెంట్ చేయించండి. లిఫ్ట్ అయిన వెంటనే ఒకసారి, స్ప్రింగులు సర్దుకున్నాక 1000 కిలోమీటర్లకి ఇంకోసారి తప్పనిసరి. ప్రతి 8000 కిలోమీటర్లకి టైర్లని ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి వేయించండి.

బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీలు), టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) లూజుగా ఉంటే మాత్రం ఈ కొలతని నమ్మొద్దు. జాకీ ఎత్తి టైరుని కుదిపితే టకటకమంటే ముందు అవి మార్పించాలి, లేదంటే అలైన్‌మెంట్ డబ్బులు దండగ.