మూణ్ణాళ్ల ముచ్చట కాకుండా: కొత్త ఏడాది లక్ష్యాలకు సమస్య - పరిష్కారం

మా బీరువా పైన పాత డైరీలు ఏడు ఉన్నాయి. కొన్ని ఇన్సూరెన్స్ ఏజెంటు ఇచ్చినవి, కొన్ని బట్టల షాపులో ఇచ్చినవి. ఏది తెరిచినా ఒకటే తంతు. జనవరి మొదటి వారం పేజీలు నిండుగా ఉంటాయి, ఆ తర్వాత అంతా తెల్ల కాగితమే. ఎక్కడో జూన్‌లో పాల లెక్క, నవంబరులో ఎవరిదో ఫోన్ నంబరు. 2019 డైరీలో జనవరి 1న పదకొండు తీర్మానాలు రాసుకున్నాను. మొదటిది "రోజూ 5కి లేవాలి". తొమ్మిదో తారీఖు పేజీలో ఒక్కటే ముక్క: "సోమవారం నుంచి మళ్లీ."

మొన్న ఆ డైరీలన్నీ ముందేసుకుని ఏ ఏడాది ఏది ఎక్కడ ఆగిందో చూశాను. ఆగిన చోట్లు ఎక్కువేం లేవు, అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటినే కింద రాశాను. మీ లక్షణం ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లొచ్చు.

లక్షణం: "పదిహేనో తారీఖుకల్లా ఆగిపోయింది"

కారణం: మీరు కాదు, కేలండర్.

కొత్త వారం, కొత్త నెల, కొత్త ఏడాది మొదట్లో మనిషికి ఒక ఊపు వస్తుంది. జిమ్‌కి వెళ్లేవాళ్లు, డైట్ గురించి గూగుల్‌లో వెతికేవాళ్లు ఆ రోజుల్లోనే పెరుగుతారని హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో లెక్కలతో చూపించారు. ఊపు నిజమే. అయితే మనకు ఆ ఊపు వచ్చిన రెండు వారాలకే సంక్రాంతి. ఊరి ప్రయాణం, టికెట్ల టెన్షన్, అరిసెలు, సకినాలు, చుట్టాలు. రోజూ తెల్లవారుజామున వాకింగ్ చేద్దామనుకున్నవాడు భోగి నాడు తెల్లవారుజామునే లేస్తాడు, మంట ముందు కూర్చోడానికి. తీపి మానేశానని చెప్పినా అత్తగారు ఊరుకోరు. "ఒక్కటేలే అమ్మా, నేతి అరిసె" అని చేతిలో పెడతారు. కాదనగలిగినవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

పరిష్కారం: కనుమ వరకూ ఏదీ మొదలుపెట్టకండి. ఆ రెండు వారాలూ ఇప్పుడు మీరు ఎలా ఉన్నారో రాసుకోండి, అంతే. నిజంగా ఎన్నింటికి పడుకుంటున్నారు, ఎంత నడుస్తున్నారు, రోజుకి ఎన్ని టీలు, బయట తిండికి ఎంతవుతోంది. ఇది తెలియకుండా పెట్టుకున్న లక్ష్యం నేల విడిచి సామే. అసలు పని జనవరి 19న మొదలుపెట్టండి. అక్కడినుంచి ఫిబ్రవరి 28కి సరిగ్గా 41 రోజులు. ఈ 41 సంగతి కిందకి వచ్చాక చెబుతాను.

లక్షణం: "అన్నీ మొదలుపెట్టాను, ఏదీ నిలవలేదు"

కారణం: కూడిక చేయలేదు.

నా పదకొండు తీర్మానాల పక్కన ఈమధ్య నిమిషాలు వేశాను. వాకింగ్ 45, యోగా 30, ఇంగ్లిష్ 30, పుస్తకం 30, డైరీ 15, పిల్లాడికి లెక్కలు చెప్పడం 40. ఆరింటికే మూడు గంటల పది నిమిషాలు అయింది. అప్పట్లో లంచ్ బాక్సులు, ఆఫీసు, తిరుగు బస్సు, రాత్రి గిన్నెలు పోను నాకంటూ మిగిలింది మహా అయితే 50 నిమిషాలు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు ఉంది వ్యవహారం.

దీనికి తోడు, ఏ పనికైనా పట్టే టైమ్‌ని మనం తక్కువగానే వేసుకుంటాం. కెనడాలో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. వాళ్లు చెప్పింది సగటున 34 రోజులు, పట్టింది 55 రోజుల పైన. ఆ పేపరు 1994లో వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా మన "పది నిమిషాల్లో అక్కడుంటా" ఏం మారలేదు కదా.

పరిష్కారం: ప్రతి తీర్మానం పక్కన నిమిషాలు రాయండి, కూడండి, మీ చేతిలో ఉన్న టైమ్‌తో పోల్చండి. పొసగనివన్నీ కొట్టేయండి. నాకు చివరికి ఒక్కటే మిగిలింది: సాయంత్రం బస్సు రెండు స్టాపుల ముందు దిగి ఇంటికి నడవడం. కొత్తగా టైమ్ అక్కర్లేదు, పొద్దున్నే లేవక్కర్లేదు. అది నాలుగేళ్లుగా నడుస్తోంది. మిగతా పదింటి కోసం బాధపడి చాలా కాలమైంది.

లక్షణం: "నాకు విల్‌పవర్ లేదు"

ఎక్కువమంది చెప్పేది ఇదే. నేనైతే నమ్మను. ఎందుకు నమ్మనో కాస్త వివరంగా చెప్పాలి.

మా ఆయన ఒక ఏడాది అయ్యప్ప మాల వేసుకున్నారు. అంతకుముందు ఆయన ఏడున్నరకి ముందు లేచింది పెళ్లినాడే. అలాంటి మనిషి 41 రోజులు నాలుగింటికే లేచి, చలికాలంలో చన్నీళ్లతో తలస్నానం చేసి, చెప్పులు లేకుండా తిరిగి, చాప మీద పడుకుని, మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారంతో సరిపెట్టుకున్నారు. ఒక్క రోజు తప్పలేదు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన మూడో రోజు నాలుగింటికి అలారం మోగితే చెయ్యి చాచి ఆపేశారు.

"నలభై రోజులు లేచారుగా, ఇవాళేమైంది?" అన్నాను.

"అప్పుడు మాల ఉంది" అని అటు తిరిగి పడుకున్నారు.

మనిషి అదే మనిషి. విల్‌పవర్ అనేది ఆయన లోపల ఉండే సరుకైతే మూడు రోజుల్లో ఎక్కడికి పోయింది? దీక్షలో భక్తి ఉంది, అది వాకింగ్‌లోకి రాదు, ఒప్పుకుంటాను. కానీ భక్తి చుట్టూ ఎంత ఏర్పాటుందో చూడండి.

దానికి ముగింపు రోజుంది. "ఇక జీవితాంతం నాలుగింటికే" అని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఒక మండలం, అంతే. నియమాల్లో బేరాలు లేవు. ఇవాళ స్నానం చేద్దామా వద్దా అని పొద్దున్నే తనలో తాను వాదించుకునే పని లేదు. ఇంట్లో వాళ్లం మేమూ మారాం. ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండాను, ఆయన్ని "స్వామీ" అనే పిలిచాను. సాయంత్రం భజనకి వెళ్లకపోతే గురుస్వామి కబురు పంపేవారు. అన్నిటికంటే, మాల మెడలో అందరికీ కనబడుతుంది. రోజూ అడక్కుండానే సిగరెట్ తీసి చేతిలో పెట్టే బడ్డీకొట్టు అతను ఆ నెలన్నరా "స్వామీ, సోడానా?" అనేవాడు. ఊరంతా ఆయన తరఫున కాపలా కాసింది.

మన జనవరి తీర్మానాల్లో ఇవేవీ ఉండవు. గడువు లేదు, వేళ లేదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎందుకు చెప్పలేదంటే, ఆపేస్తే నవ్వుతారని.

కారణం: ఏర్పాటు లేకపోవడం. బలం లేకపోవడం కాదు.

పరిష్కారం: లక్ష్యాన్ని దీక్షలా కట్టండి. 41 రోజులు, ఒకటే నియమం, ఒకటే వేళ, ఇంట్లో కనీసం ఒకరి సాయం. నియమం ఎలా చెప్పుకోవాలో కూడా మనకు తెలిసిందే. పూజలో పంతులుగారు చెప్పించే సంకల్పం గుర్తుందా? శ్రీశైలానికి ఏ దిక్కున కూర్చున్నామో, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ వారం, ఏ గోత్రం, ఏ పేరు, ఇవన్నీ చెప్పాకే చేయబోయే పని చెబుతాం. "ఆరోగ్యం చూసుకోవాలి" అన్నది సంకల్పం కాదు. "రాత్రి భోజనం కాగానే, గిన్నెలు సింకులో వేసి, మేడ మీద 15 నిమిషాలు నడుస్తాను" అన్నది సంకల్పం. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే తేల్చుకున్నవాళ్లు పని ఎక్కువగా పూర్తిచేస్తారని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో పరిశోధనలతో చెప్పారు. మన పంతులుగార్లకి ఆయన కొత్తగా నేర్పేదేం లేదు.

ఇక మాల స్థానంలో కనబడే గుర్తు ఒకటి ఉండాలి. మా ఇంట్లో అది ఫ్రిజ్ పక్కన వేలాడే తెలుగు కేలండర్. చేసిన రోజు గడిలో పసుపు బొట్టు పెడతాం. మా అబ్బాయి దాన్ని రోజూ తనిఖీ చేస్తాడు, వాడికి అదో సరదా.

లక్షణం: "ఒక్కరోజు తప్పింది, ఇక మానేశాను"

కారణం: ఒక బొట్టు పోతే వరుసంతా పోయిందనుకోవడం. డైట్‌లో ఉన్నవాళ్లు ఒక్కసారి హద్దు దాటితే "ఎలాగూ చెడింది" అని ఇంకా ఎక్కువ తింటారని జానెట్ పోలివీ, పీటర్ హెర్మన్ ఏనాడో గమనించారు. పెళ్లిలో ఒక్క లడ్డూ తిన్నాక ఐస్‌క్రీమ్ దాకా వెళ్లినవాళ్లకి ఇది చదివి తెలుసుకోవాల్సిన పని లేదు.

నిజానికి ఒక రోజు తప్పితే పోయేదేం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఒక పని ఆలోచించకుండా అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక్కరోజు తప్పినవాళ్లకి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. "21 రోజుల్లో అలవాటు" అనే ఫార్వర్డ్ మెసేజ్‌లని ఇకనైనా డిలీట్ చేయొచ్చు.

పరిష్కారం: తప్పే రోజులని ముందే లెక్కలో పెట్టుకోండి. 41లో 35 బొట్లు పడితే దీక్ష పూర్తయినట్టే. వరసగా రెండు రోజులు మాత్రం తప్పనివ్వొద్దు. ఒంట్లో బాగాలేని రోజుకి, ప్రయాణం రోజుకి ఒక చిన్న రూపం ఉంచుకోండి: 15 నిమిషాల బదులు మూడు నిమిషాలు. ఫిబ్రవరి 28న ఒక మండలం అయ్యాక వారం విశ్రాంతి తీసుకుని, పనికొచ్చిందనిపిస్తే రెండో మండలం. రెండూ కలిస్తే 66 దాటుతాయి. రెండోది పూర్తయ్యేలోపే ఉగాది వస్తుంది. పంచాంగంలో ఆదాయం, వ్యయం చూసుకునే రోజు కాబట్టి బొట్లు లెక్కపెట్టుకోడానికి అంతకంటే మంచి రోజు లేదు.

లక్షణం: "ఎంత అనుకున్నా డబ్బు దాచలేకపోతున్నా"

కారణాలు రెండు. ఒకటి, నెలాఖరుకి మిగిలింది దాద్దామనుకోవడం. మిగలదు. రెండు, ఏడాదికోసారి వచ్చే ఖర్చులని "అనుకోని ఖర్చు" అనడం. స్కూలు ఫీజు ప్రతి జూన్‌లోనూ వస్తుంది, బండి ఇన్సూరెన్స్ ప్రతి ఏడాదీ వస్తుంది, మాఘంలో పెళ్లిళ్లు వస్తాయి. ఇందులో అనుకోనిదేముంది?

పరిష్కారం: పోయిన ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి అలాంటివన్నీ కూడి పన్నెండుతో భాగించండి. వచ్చిన అంకె మీ పొదుపు కాదు, అది బాకీ. జీతంలోంచి దాన్ని తీసేశాక మిగిలినదానిమీదే పొదుపు లక్ష్యం పెట్టుకోండి. జీతం పడిన రెండో రోజే దానంతటది కట్ అయ్యేలా రికరింగ్ డిపాజిట్ పెట్టండి. పోస్టాఫీసులో నెలకి 100 రూపాయలతో కూడా తెరవొచ్చు, గడువు ఐదేళ్లు. తనంతట తాను నెలకి వెయ్యి దాచలేని మనిషి చీటీ మాత్రం ఠంచనుగా కడతాడు, ఎందుకంటే తారీఖు ఉంది, అడిగేవాళ్లున్నారు. ఇక్కడా అదే ఏర్పాటు. చీటీయే కట్టాలనుకుంటే రిజిస్టర్ అయినదేనా అని చూసుకోండి.

లక్షణం: "చేస్తూనే ఉన్నా, ఫలితం కనబడటం లేదు"

కారణం: మీ చేతిలో లేని అంకెని లక్ష్యంగా పెట్టుకోవడం. బరువు ఒకే రోజులో కిలో అటూ ఇటూ అవుతుంది, తాగిన నీళ్లని బట్టి, తిన్న ఆవకాయని బట్టి. వారానికి అరకిలో నుంచి కిలో వరకూ తగ్గితే అది మంచి వేగమే. "రెండు నెలల్లో పదిహేను కిలోలు" అనేది ప్రకటనల్లో మాట.

పరిష్కారం: పనిని లెక్కపెట్టండి, ఫలితాన్ని కాదు. పెద్దవాళ్లకి వారంలో కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారానికి ఐదు రోజులు అరగంట. అక్కడికి చేరడమే లక్ష్యం. తూకం వారానికోసారి చాలు.

లక్షణం: "మొదలుపెట్టాలనే అనిపించట్లేదు"

ఆ లక్ష్యం మీదేనా? పక్కింటివాళ్లు మారథాన్‌కి వెళ్లారనో, తోడికోడలు జర్మన్ నేర్చుకుంటోందనో రాసుకున్నదైతే అది పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే. కొట్టేయండి. దీనికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

లక్షణం: "అన్నీ సరిగ్గానే చేశా, పొద్దున్నే లేవలేకపోతున్నా"

కారణం: లక్ష్యంలో ఉండకపోవచ్చు, రక్తంలో ఉండొచ్చు.

2019 డైరీలో "5కి లేవాలి" అన్నది ఎందుకు ఆగిందో నాకు తర్వాతి ఏడాది తెలిసింది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని డాక్టరుకి చూపించుకుంటే హిమోగ్లోబిన్ 8.9 అని తేలింది. అప్పటిదాకా ఇంట్లో అందరూ, నాతో సహా, దాన్ని బద్ధకం అనే అన్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. వాళ్లలో ఎంతమంది ఏటా జనవరిలో "ఈసారైనా పొద్దున్నే లేవాలి" అని రాసుకుంటున్నారో.

పరిష్కారం: తగినంత నిద్రపోయినా రెండు మూడు వారాలుగా నీరసంగానే ఉంటే తీర్మానం పక్కనపెట్టి రక్త పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12, ఇంకేమైనా కావాలా అన్నది డాక్టరు చెబుతారు. ఐరన్ టాబ్లెట్ రాస్తే దాంతోపాటు టీ, కాఫీ తాగొద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. కనీసం గంట తేడా ఉండాలి. పొద్దున లేవగానే టీ పడందే కళ్లు తెరవలేని నాకు ఆ గంట ఆగడమే ఆ ఏడాది తీర్మానం అయింది.