గండికోట లోయను రెండు ఫొటోల్లో లోతుగా చూడటం: తుపాకులు తీసేసిన విమానాలు నేర్పిన పద్ధతి

ప్రొద్దుటూరులో ఫిల్మ్ రోజుల నుంచి ఫొటో స్టూడియో నడుపుతున్నాను. మా అక్క కొడుకు పెళ్ళిళ్ళకు తీయడానికి డ్రోన్ కొన్నాడు. ఒకరోజు వచ్చి, "మామా, పైనుంచి తీస్తే అంతా చదునుగా పడుతోంది. మిద్దె యాది, వాకిలి యాది తెలియడం లేదు. ఏం చేయాల?" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను: ఒకే చోటును కాస్త పక్కకు జరిగి రెండు ఫొటోలు తీసి, ఒక్కో కన్నుతో ఒక్కోటి చూస్తే లోతు తెలుస్తుంది. దీనికి డ్రోన్ కూడా అక్కర్లేదు. ఒక ఫోను, ప్లస్ నాలుగు పవర్ రీడింగ్ అద్దాలు, ఒక పాత కేలండర్ అట్ట ఉంటే చాలు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పద్ధతి చాలా పని చేసింది. 1939లో మారిస్ లాంగ్‌బాటమ్ అనే బ్రిటిష్ వైమానిక అధికారి పైవాళ్ళకు ఒక కాగితం రాసిచ్చాడు. శత్రువు నేలను ఫొటో తీయడానికి పెద్ద బాంబర్లు వద్దు, ఒంటరి ఫైటర్ విమానం చాలు, దానికి తుపాకులు కూడా వద్దు అన్నాడు. తుపాకుల బరువు తగ్గితే ఆ మేరకు పెట్రోలు పోయొచ్చు, ఇంకా ఎత్తుకు, ఇంకా వేగంగా పోవచ్చు. ఎవరికీ అందకుండా ఉండటమే దాని రక్షణ. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా మనిషి దాన్ని చేసి చూపించాడు. స్పిట్‌ఫైర్ అనే ఫైటర్ విమానంలోని ఎనిమిది మెషిన్ గన్నులూ తీసేయించి, వాటి కంతలు మూసి, అతుకులు పూడ్చి, ఒళ్ళంతా నున్నగా పాలిష్ పట్టించాడు. ఆ ఏడాది నవంబరు 18న లాంగ్‌బాటమే ఫ్రాన్సు నుంచి జర్మనీ సరిహద్దు వైపు మొదటిసారి దాన్ని తోలుకుపోయాడు. తర్వాత వచ్చిన రకాల్లో ఒక్కో రెక్క ముందంచులో సుమారు 300 లీటర్ల పెట్రోలు పట్టేది. ఎత్తులో తిరిగేవాటికి నీలం రంగు, మబ్బుల కింద తక్కువ ఎత్తులో పోయేవాటికి లేత గులాబీ రంగు వేసేవాళ్ళు.

ఆ పైలట్ పని నాకు ఎంతో పెద్దదిగా కనిపిస్తుంది. 30,000 అడుగుల ఎత్తు, ఎముకలు కొరికే చలి, ముక్కుకు ఆక్సిజన్ మాస్కు, తోడుగా ఇంకో మనిషి లేడు. కెమెరాలు వీపు వెనక విమానం పొట్టలో ఉంటాయి. నేరుగా కిందికి చూద్దామంటే విమానమే అడ్డం. అందుకని రెక్క వాల్చి గురి చూసుకుని, మళ్ళీ సరిచేసుకుని, కెమెరా తిరిగినంతసేపూ గీత గీసినట్టు పోవాలి. కింద ఫిరంగులు పేలుతున్నా పక్కకు తిరగకూడదు. తోక వెనక తెల్లటి ఆవిరి చార పడితే ఎక్కడున్నాడో ఆకాశమే చెప్పేస్తుంది. కాబట్టి చార పడే ఎత్తు ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టి, దానికి కాస్త కిందుగా పోయేవాళ్ళు. పైనుంచి దూకే శత్రువుకు మాత్రం చార పడుతుంది, అద్దంలో కనిపిస్తుంది. 1941 మే 21న మైకేల్ సక్లింగ్ నార్వే తీరంలో జర్మనీ వాళ్ళ బిస్మార్క్ యుద్ధనౌకను ఫొటో తీసి తెచ్చాడు. పసివాడి మొహమని తోటివాళ్ళు 'బేబ్' అనేవాళ్ళు. రెండు నెలలకే ఇంకో పని మీద వెళ్ళి తిరిగి రాలేదు.

మన దగ్గరా ఉన్నారు వీళ్ళు. కలకత్తా డమ్‌డమ్‌లో 1943లో ఏర్పడ్డ బ్రిటిష్ విమాన దళం 681 స్క్వాడ్రన్ బర్మా మీద ఇదే పని చేసింది. స్వాతంత్ర్యం తర్వాత మన వైమానిక దళం 106 స్క్వాడ్రన్ పైలట్ జగ్ మోహన్ నాథ్ ఆయుధం లేని కాన్‌బెరా విమానంలో టిబెట్ వైపు తిరిగి ఫొటోలు తెచ్చాడు. ఆయనకు మహావీర చక్ర రెండుసార్లు వచ్చింది. ఆ పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధ.

ఇక లెక్క. 36 అంగుళాల లెన్సు అంటే లెన్సుకూ ఫిల్ముకూ మధ్య దూరం 3 అడుగులు. విమానం ఎత్తు 30,000 అడుగులను 3తో భాగిస్తే 10,000. అంటే నేల మీది 10,000 అంగుళాలు ఫిల్మ్ మీద ఒక్క అంగుళం. ఒక ఫొటోలో నేల 6,000 అడుగులు పడిందనుకోండి. అందులో 60 శాతం తర్వాతి ఫొటోలో మళ్ళీ రావాలంటే విమానం 2,400 అడుగులు జరిగాక క్లిక్ పడాలి. గంటకు 360 మైళ్ళ వేగంలో అది నాలుగున్నర సెకన్లు. ఈ గడువును పైలట్ తన పక్కనున్న పెట్టెలో సెట్ చేసేవాడు. ఒకే చోటును రెండు జాగాల నుంచి తీస్తే, ఆ రెండు ఫొటోలూ మన రెండు కళ్ళ పని చేస్తాయి. కిటుకంతా ఇదే.

గండికోటలో ఆ విమానం మనమే. పెన్నా లోయ అంచున అవతలి గోడ మీకు 100 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, అందులో ముప్పయ్యో వంతు, అంటే సుమారు 3 మీటర్లు పక్కకు జరగాలి. పెద్దంగలు నాలుగు. అది మామూలు లోతు. పైలట్లది సుమారు పన్నెండో వంతు (30,000 అడుగుల్లో 2,400), అందుకే వాళ్ళ ఫొటోల్లో చిన్న షెడ్డు కూడా గోపురంలా లేచేది. అలా కావాలంటే 8 మీటర్లు జరగండి.

జరిగే దారిని ముందే నడిచి చూసుకోండి. అంచు నుంచి బాగా వెనక్కి, అడ్డంగా పోవాలి. ఫోను చూస్తూ ఒక్క అడుగు కూడా వేయొద్దు, అక్కడ అడ్డం ఏమీ ఉండదు. ఉదయం ఏడున్నర, ఎనిమిది మధ్య పోతే ఎండ పక్కనుంచి పడి రాళ్ళకు నీడలు వస్తాయి. ఫోను అడ్డంగా పట్టుకుని, మామూలు లెన్సే వాడి, గ్రిడ్ గీతలు ఆన్ చేయండి. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుగు లాక్ చేయండి. దూరపు ఎర్రమల కొండ గీతను పై గ్రిడ్ గీత మీద పెట్టి ఒకటి, జరిగాక అదే గీత మీద పెట్టి ఇంకొకటి. రెండోసారి ఫోనును మొదటి ఫొటో మధ్యలో పడిన చోటు వైపు తిప్పకండి, మొదటిసారి చూసిన దిక్కే చూడాలి. దగ్గరి పొదలు, రాళ్ళు ఫ్రేములోకి రానీయకండి. నిమిషంలోపు అయిపోవాలి, నీడ ఆగదు.

ల్యాబ్‌లో 4×6 కాగితం మీద, పాస్‌పోర్టు ఫొటోలు పెట్టినట్టు, ఆరేసి సెంటీమీటర్ల వెడల్పుతో రెండూ పక్కపక్కనే పెట్టించండి. ఎడమ నుంచి తీసింది ఎడమకే రావాలి. నేను మొదటిసారి తారుమారుగా పెట్టించాను. పెన్నా లోయ గోడలా పైకి లేచింది, కొండ గుంటలోకి దిగింది. ఆ పైలట్ల ఫొటోలు చేరే ఇంగ్లండులోని మేడ్‌మెన్‌హామ్‌లో వాటిని చదివేవాళ్ళకూ ఇలాంటి జాగ్రత్తే. నీడలు తమ వైపు పడేలా ప్రింటు తిప్పుకునేవాళ్ళు, లేకుంటే గుంత దిబ్బగా కనబడుతుంది.

ఇప్పుడు రీడింగ్ అద్దాలు పెట్టుకోండి. దూరపు చూపుకు అద్దాలుంటే వాటి మీదే. ప్రింటు మొహానికి 25 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. రెండు ఫొటోల మధ్య గీత నుంచి ముక్కు దాకా కేలండర్ అట్ట నిలబెట్టండి, ఎడమ కన్నుకు ఎడమది, కుడి కన్నుకు కుడిది మాత్రమే కనిపించాలి. కొండ అవతలికి చూస్తున్నట్టు కళ్ళు వదులు చేయండి. మొదట రెండు ఫొటోలు కదులుతాయి, దగ్గరకు వస్తాయి, ఒకటవుతాయి. తల నొప్పి పుడితే ఒకటి పైకో కిందికో జరిగి ఉంటుంది, సరిగా కత్తిరించి అతికించండి. తొందర పడొద్దు. 1943లో కాన్‌స్టెన్స్ బాబింగ్టన్ స్మిత్ అనే ఆవిడ ఇలాగే అద్దాలతో వెతికి, జర్మనీలోని పీనెముండెలో జర్మన్ల ఎగిరే బాంబును కనిపెట్టింది. దాని రెక్కల వెడల్పు 20 అడుగులు. మన పై లెక్కలో అది ఫిల్మ్ మీద అర మిల్లీమీటరు పైచిలుకు.

మా అల్లుడు చూసినప్పుడు అవతలి గోడ మీద వాడు మరక అనుకున్న నల్ల గీత ముందుకు వచ్చింది. రాతి గట్టు. దాని మీద మనిషి నడిచేంత వెడల్పుంది. నీటి ఒడ్డున మేకలు మాత్రం గాల్లో తేలుతూ కనిపించాయి, రెండు క్లిక్కుల మధ్య అవి కదిలాయి కాబట్టి. ఏదైనా తేలుతున్నా, మునిగినా అది కదిలిన వస్తువు, లోతు కాదు. వాడికి ఇది చెప్పడానికి నాకు మూడు ప్రింట్లు పట్టాయి.

ప్రింటు వెనక పెన్సిలుతో తేదీ, టైము, ఎన్ని మీటర్లు జరిగారో, ఎడమది ఏదో రాయండి. ఆ పైలట్ల ఫిల్ముల మీదా తేదీ, లెన్సు కొలత రాసి ఉండేవి.